మిగిలిన చెయ్యి

"అబేనీ! మన పెళ్లి ఫోటో ఒకటి అట్ట మీద వేస్తారట!"

ఫోన్ ఊపుతూ డోటున్ స్టూడియోలోకి పరుగెత్తుకొచ్చాడు. నోట్లో వేయించిన అరటిపండు ముక్క ఇంకా ఉంది.

లాగోస్ నుంచి వచ్చే పెళ్లిళ్ల పత్రిక! అబేని కుర్చీలోంచి లేచి గిర్రున తిరిగింది. మొగుడి చేతిలోని పొట్లంలోంచి ఒక ముక్క లాక్కుంది.

"రేపటికి శుభ్రం చేసి పంపాలి. కరెంటును నమ్మకు పెళ్లికూతురా, గీత గీతకీ సేవ్ చెయ్యి."

"ఈ అబెయొకూత ఊళ్లో పుట్టినదానికి కరెంటు గురించి నువ్వు చెప్పాలా?"

కంప్యూటర్లో ఫోటో తెరిచింది. నవ్వు ఆగిపోయింది.

ఫోటోలో తన వెనకాలే ఎవరో నడివయసు ఆడమనిషి. రెండు కుటుంబాలవాళ్లూ ఒకే తానులోంచి కుట్టించుకున్న పచ్చబట్టల్లో ఉన్నారు. ఆమె ఒంటి మీద మాత్రం వెలిసిన గోధుమరంగు గౌను.

"ఈవిడెవరు?"

"మీవాళ్లనుకున్నానే!"

"మావాళ్లయితే పచ్చబట్ట లేకుండా వస్తారా?"

మిగతా ఫోటోలు తిప్పింది. కేకు దగ్గర ఆమె. డాన్సులో ఆమె. కారెక్కేటప్పుడూ ఆమె. ఎక్కడా కెమెరా వైపు చూడదు. అబేనినే చూస్తోంది. కుడిచేతికి రుమాలు చుట్టి, ఆ చేతిని వెనక్కి దాచుకుంటోంది.

అబేని అత్తగారికి ఫోన్ చేసి చెప్పింది.

"రుమాల్లో ఏదో చేతబడి సామాను తెచ్చే ఉంటుంది తల్లీ! కొత్త పెళ్లికూతురి వెనకాల ఊరికే తిరుగుతారా? ఒక్కదాంట్లోనూ ఉంచకు. చెరిపెయ్!"

పెళ్లయిన వారానికే తనకు జ్వరం రావడం గుర్తొచ్చింది అబేనికి.

ఒకచోటి ముక్కని ఇంకోచోట అతికించే క్లోన్ టూల్ తీసింది. పక్కనున్న పరదాని తెచ్చి ఆమె మీద పూసింది. సేవ్. గోడని తెచ్చి పూసింది. సేవ్. ఒక్కో ఫోటోలోంచీ ఆమె మాయమవుతోంది. ఆ చూపు మాత్రం తన వీపు మీదే ఉన్నట్టుంది.

చివరికి అట్ట ఫోటో. పెళ్లి హాల్లో అడుగుపెట్టగానే తీసిన ఫోటో అది. ముఖం పోయింది. సేవ్. గౌను పోయింది. సేవ్. ఒక్క చెయ్యి మిగిలింది, అబేని మేలిముసుగు అంచును గట్టిగా పట్టుకుని.

"డోటున్, చూడు... దీనికి రుమాలు లేదు."

పెద్దది చేసింది.

పిడికిలి సందుల్లోంచి ఎర్రగా వెలుగు. పైన సన్నటి పొగ. పక్కనే పువ్వుల మధ్య వెలుగుతున్న కొవ్వొత్తి.

అబేని లేచి పెళ్లిబట్టల పెట్టె తెరిచింది. మేలిముసుగు అంచున నల్లగా కాలిన మచ్చ. పాపం, ఇస్త్రీపెట్టెతో కాల్చాడనుకుని ఇస్త్రీ అతన్ని ఎంత తిట్టింది!

చెరిపినదాన్ని వెనక్కి తెద్దామని మౌస్ పట్టుకుంది. టప్‌మని కరెంటు పోయింది.

డోటున్ జనరేటర్ వేశాడు. ఫోటో తెరుచుకుంది. ఆమె లేదు. చెయ్యి ఒక్కటే ఉంది.

"కెమెరా కార్డులో అసలువి ఉన్నాయిగా?"

"దాన్ని ఖాళీ చేసి మొన్న వేరే పెళ్లికి వాడేశాను, అబేనీ."

అబేని కాలిన అంచును వేలితో తడిమింది.

"ఇది పంపేదా?" మెల్లగా అడిగాడు డోటున్.

"చేతిని చెరపకుండా పంపు."

"ఆమెను వెతుకుదామంటే ముఖం కూడా లేదే!"

"రేపు పొద్దున్నే హాలుకెళ్లి, కుడిచెయ్యి కాలినావిడ ఎవరని అడుగుదాం," అంది అబేని కళ్లు తుడుచుకుంటూ. "పచ్చబట్ట కొంచెం మిగిలిందిగా, అదీ ఆవిడకి తీసుకెళ్దాం."