ముండ్లకంప

పాదిరి దొర ఎండలకు తాళలేక కొండలకు పోయిండు. బంగళాకు యోహాను ఒక్కడే కాపలా. పొద్దుగూకంగనే కందిలి ముట్టించి, గోడకున్న పటం దిక్కు చూసిండు.

దొర రాగిరేకు మీద గీకి, నల్లసిరాతోని ఒత్తిన పటమది. గుట్ట, ఎండిన చెలక, పాడుబడ్డ గుడిసెలు. యోహాను ఊరే.

గత్తరొచ్చిన ఏడు ఊరంతా ఖాళీ జేసిండ్రు. రోగమొచ్చినోళ్లను తోలుకపోవద్దని పటేలు హుకుం. వాంతులతోని పడున్న కన్నతల్లి మారెమ్మను గుడిసెలనే ఉంచి, తలుపుకు బయటినుంచి ముండ్లకంప అడ్డం పెట్టిండు యోహాను.

"జర నీళ్లియ్యి బిడ్డా," అన్నదామె.

జరసేపు ఆగిండు. మళ్ల కదిలిండు.

పటంల ఆ కంప గూడ ఉంటది. ఒక్కో ముల్లు లెక్కవెట్టొచ్చు.

ఇయ్యాల కంప లేదు. గుడిసె తలుపు తెరిచి ఉంది. లోపల ఉత్త నలుపు.

కందిలి దగ్గర పెట్టి, వేలితోని తడిమిండు. అద్దం సల్లగ తగిలింది. అప్పుడే బంగళా వాకిట్ల ఏదో ఈడ్చుకొస్తున్న సప్పుడు. బరబరా గడపదాంక వచ్చి ఆగింది.

ఉరికిపోయి తలుపు నెట్టిండు. కదల్లే. సందులకెల్లి ముల్లు అరచేతుల దిగింది. నాలుక పిడచకట్టుకపోతాంది.

"అమ్మా, జర తియ్యవే!"

బయట అడుగులు దూరం పోతున్నయి. జరసేపు ఆగినయి. మళ్ల కదిలినయి.