జుమ్రద్ ఎందుకు పోతోంది

జుమ్రద్ మళ్ళీ పోయింది. ఈ నెలలో ఇది ఆరోసారి.

మధ్యాహ్నం కునుకు తీస్తున్న హోసియత్‌కి వీధిలోంచి కోడలి కేక వినిపించింది. లేచి బయటికొచ్చేసరికి మోహిరా సందు మలుపు తిరిగిపోయింది. పాపం, చెప్పులు కూడా వేసుకోలేదు.

మనవరాలు జుమ్రద్‌కి ఎనిమిదేళ్ళు. మాటలు రావు, భయమూ తెలీదు. సందు చివర కాలువ నిండుగా పారుతోంది. హోసియత్ తలుపుకి పై గడియ బిగించింది, గంటలు కట్టించింది. అంతా బూడిదలో పోసిన పన్నీరే.

రెండు గంటలకి తల్లీకూతుళ్ళు తిరిగొచ్చారు. ఎప్పట్లాగే పిల్ల మోహిరా పుట్టింట్లో, అమ్మమ్మ పట్టు రాట్నం ముందు దొరికిందట.

"ఇంకోసారి పోతే మంచం కోడుకి కట్టేస్తాను," అంది హోసియత్. అన్నంత పనీ చేసే మనిషే. మోహిరా ముఖం పాలిపోయింది.

మర్నాడు డాక్టరమ్మ వచ్చింది. ఇలాంటి పిల్లలు ఊరికే పోరని, పాప ఎప్పుడు పోయిందో, ఎక్కడ దొరికిందో ఓ పుస్తకంలో రాసిపెట్టమని నెల మొదట్లోనే చెప్పింది ఆవిడ. ఈ మార్గిలాన్ ఊళ్ళో ఇంటి పని ఏదైనా కోడలి నెత్తినే పడుతుంది. ఆ పుస్తకమూ మోహిరాకే అప్పజెప్పింది హోసియత్.

డాక్టరమ్మ పుస్తకం తిరగేసి నవ్వింది.

"పాపకి ఆ రాట్నం కావాలమ్మా. వారానికి మూడుసార్లు, వేళ తప్పకుండా మీరే పంపండి. ఇక పారిపోదు."

"మూడుసార్లా? కోడల్ని పుట్టింటికి రెండు నెలలకోసారి పంపితేనే గొప్ప. కోడల్ని అదుపులో పెట్టలేకపోయిందని వాడంతా నవ్విపోదూ?"

కానీ కాలువ గుర్తొచ్చింది. హోసియత్ పళ్ళు కొరుక్కుంటూ ఒప్పుకుంది.

రెండు వారాలు గడిచాయి. పిల్ల ఒక్కసారీ పోలేదు. పిల్ల మనసు చదవడం రావాలంటూ హోసియత్ ఇరుగుపొరుగు దగ్గర గొప్పలు పోయింది. డాక్టరమ్మ మాట ఎత్తితే ఒట్టు.

శుక్రవారం తల్లీకూతుళ్ళు బయల్దేరాక, వియ్యపురాలింటికి వట్టి చేతులతో పంపానని ఆమెకి తట్టింది. రెండు వేడి రొట్టెలు గుడ్డలో చుట్టుకుని గబగబా గుమ్మం దాకా వచ్చింది.

గోడ అవతల మోహిరా కూతురి జోడు సరిచేస్తూ ముద్దుగా అంటోంది: "మొదటిసారి ఒక్కటే నువ్వు పోయావు, మిగతా అయిదుసార్లూ నేనే ఎత్తుకెళ్ళాను కదూ, ఇక మనం పరుగెత్తక్కర్లేదు తల్లీ."