ఒక పూట కుమాసీ

"మీ అన్నయ్య నేరుగా ఇంటికి తీసుకురమ్మన్నాడు," అన్నాడు బోచీ, ఆసుపత్రి గేటు దగ్గర వ్యాను నెమ్మది చేస్తూ.

"అన్నయ్యకు నేను చెప్పుకుంటాలే. ముందు కత్తి దగ్గరికి పోనీ." సెర్వా వెనక్కి తిరిగింది. "నాన్నా, ఎడమకి తిరుగుతున్నాం."

కుమాసీ నగరం చూడవచ్చిన విదేశీయులను ఊరంతా తిప్పడం సెర్వా ఉద్యోగం. భూమిలో దిగిన కత్తి, పాత కోట, రాజుగారి మహలు... ఒక పూటలో అయిపోయేది. ఎందరెందరికో చూపించింది, కన్నతండ్రికి తప్ప. ఆయన లారీ మెకానిక్కు. షెడ్డు, ఇల్లు తప్ప మరో దారి ఎరగడు. "నీ కథలు తెల్లవాళ్ళకేనా? నాకు చెప్పవా?" అని అడుగుతూనే ఉండేవాడు. ఒకసారి మంచి వస్త్రం భుజాన చుట్టుకుని తెల్లారేసరికి టూరిస్టు బస్సు దగ్గరికే వచ్చేశాడు. బస్సులో చోటుంది. కానీ ఆయన గోళ్ళ నిండా గ్రీజు. వచ్చే నెల తీసుకెళ్తానంది సెర్వా. అలాగేనమ్మా అని నవ్వి, నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ వచ్చే నెల మళ్ళీ రాలేదు.

కత్తి దగ్గర ఆయన్ని దించడం కుదరదు కాబట్టి వ్యాను కిటికీ పక్కన నిలబడి మొదలుపెట్టింది. పూర్వం ఒక మహిమగల పూజారి దాన్ని గుచ్చిన సంగతీ, ఎంతమంది లాగినా అది కదలని సంగతీ చెప్పింది. "నీ జాకీ పెట్టినా లేవదు నాన్నా," అంది చివర్న.

బోచీ నవ్వాపుకున్నాడు. "ఈ ఇంజనుకి ప్రాణం పోసింది ఈయనే అక్కా. ఇవాళ గానీ దారిలో మొరాయించిందో, దాని మొహం చూడను."

కోట దాటుతుండగా అన్నయ్య ఫోన్ చేశాడు. టెంట్లు వేశారట, డప్పులవాళ్ళు వచ్చేశారట, సందు మొదట్లో నాన్న ఫోటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టారట. ఊళ్ళ నుంచి చుట్టాలంతా దిగి ఆయన కోసం ఎదురుచూస్తుంటే ఈ షికారేమిటని కోప్పడ్డాడు.

"ఎన్నేళ్ళుగానో అడిగాడన్నయ్యా. ఈ ఒక్క పూట నాకు వదిలెయ్."

అన్నయ్య గొంతు తగ్గించాడు. "మధ్యాహ్నం లోపు వచ్చేయ్. దారి తప్పకుండా మలుపు మలుపుకీ ఆయనకు చెబుతూ రా."

మహలు ముందు రాజుల పేర్లన్నీ వరసగా చెప్పింది. ఏ ఒక్కటీ వదలలేదు. తోటలో నెమళ్ళు అరుస్తున్నాయి.

"ఏమైనా అడగాలంటే అడగండి," అంది అలవాటుగా.

అని, కిటికీ చువ్వ పట్టుకుని నిలబడిపోయింది. తొందరపెట్టకుండా బోచీ ఇంజను ఆపేశాడు. ఎంతకీ ఆమె కదలకపోతే, "పోదాం అక్కా, ఎండెక్కుతోంది," అన్నాడు మెల్లిగా.

ఇంటి సందులోకి వ్యాను తిరగ్గానే జనమంతా లేచి నిలబడ్డారు.

"నాన్నా, ఇల్లొచ్చేసింది," అంది సెర్వా.

ఆరుగురు వచ్చి శవపేటికను దించారు.