సుసన్నమ్మ పక్కన

“వానికియ్యకుండ్రి అయ్యగారూ,” అన్నాడు సంఘ పెద్ద సామ్యేలు, గొంతు తగ్గించకుండానే.

ప్రభువు బల్ల పంచుతున్న జయపాల్ చేతిలో ట్రే ఆగింది. చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం కదిలింది. ఇబ్రహీంపట్నం సంఘానికి పాస్టరుగా వచ్చాక అతను నడిపిస్తున్న మొదటి బల్ల ఇది.

“ఎవరికి?”

“గా వినోద్‌కు. జేల్నుంచి ఇంటికొచ్చి నాలుగు దినాలు గాలే, మొన్న మళ్ల కల్లు కాంపౌండ్ల కూసున్నడు. నా కండ్లతోటి చూసిన.”

“నువ్వెందుకు పోయినవ్ ఆడికి?” ఆడవాళ్ల వరుసలోంచి అడిగింది సుసన్నమ్మ.

“బర్రె తప్పిపోతే ఎతుక్కుంట పోయిన.”

“కల్లు తాగే బర్రెనా?”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకు వినోద్ లేచి వెళ్లిపోబోయాడు. మగవాళ్ల చాపల చివర, ఆడవాళ్ల వరుసను ఆనుకొని, సుసన్నమ్మ పక్కనే కూర్చున్నాడతను. ఆమె అతని చొక్కా పట్టి కిందికి గుంజింది.

“కూసో. తాగినవా?”

“తాగిన,” అన్నాడు చాపను చూస్తూ.

“ఇయ్యాల?”

“లేదు.”

“ఇగ చాలు. ఇయ్యుండ్రి అయ్యగారూ.”

జయపాల్ కదల్లేదు. తప్పు చేసిన కొడుకును వెనకేసుకొచ్చే తల్లులను అతను చాలామందిని చూశాడు. వాళ్ల ముందు న్యాయం మాట్లాడి లాభం లేదు. వాళ్లను చూస్తే అతనికి జాలి. ఆ జాలి పడుతున్నప్పుడు తాను ఒక మెట్టు పైన నిలబడినట్టు హాయిగా ఉంటుందన్న సంగతి మాత్రం ఎప్పుడూ తడిమి చూసుకోలేదు.

సామ్యేలు గొంతు మెత్తబడింది. “సుసన్నక్కా, నీ మొఖం జూసే గదా మేం గింత పట్టు పట్టేది.”

“నా మొఖం నేను జూసుకుంట. నువ్వు జర పక్కకు జరుగు.”

“వాడు మారినంక తీసుకుంటడు. ఎవరొద్దన్నరు?”

“మారకపోతే? సచ్చెదాంక చెప్పులకాడ కూసోవెడ్తవా?” ఆమె మోకాలి మీద చెయ్యి ఆన్చి లేచి నిలబడింది. కొంగు తల మీద సర్దుకొని అందరి వైపూ తిరిగింది. “చెప్పులతోటి పాపం గూడ బయటనే ఇడిసి లోపటికొచ్చినోళ్లు చెయ్యెత్తుండ్రి. గాళ్లకే ఇస్తరు అయ్యగారు.”

ఎవరూ ఎత్తలేదు. మగవాళ్ల వరుసలో ఐలేష్ అనే అతని చెయ్యి అలవాటుకొద్దీ సగం లేచింది. భార్య చూసిన చూపుకు అది తల గోక్కుని దిగిపోయింది.

సుసన్నమ్మ వంగి, చాప మీద తన ముందున్న గ్లాసు తీసి ట్రేలో పెట్టేసింది.

“వీనికి లేంది నాకూ వద్దు. పెండ్లయి ఈ ఊరికొచ్చినప్పటి సంది ఒక్క బల్ల ఇడువలే. ఇయ్యాల ఇడుస్తున్న.”

సామ్యేలు తల దించుకున్నాడు. ఆడవాళ్లలో ఒకామె కళ్లొత్తుకుంది. ఒక్కరూ సుసన్నమ్మ ముఖంలోకి చూడటం లేదు. ఆమె పరువు పోతున్నందుకు వాళ్లంతా సిగ్గుపడుతున్నారనుకున్నాడు జయపాల్. దీన్ని తానే ముగించాలి, ఆమెను నొప్పించకుండా.

“అమ్మా,” అన్నాడు దగ్గరికి వచ్చి. “మీ బాధ నాకు తెలుసు. కడుపు తీపి అట్లాంటిది. కొడుకు ఎట్లున్నా తల్లికి ముద్దే. కానీ సంఘం తల్లి కండ్లతోటి చూడలేదు కదమ్మా.”

సుసన్నమ్మ అతన్ని చూసింది. ఆ చూపులో కోపం లేదు. తర్వాత ట్రేలోంచి ఒక గ్లాసు తానే తీసి, వినోద్ చేతిలో పెట్టి, అది ఒలకకుండా అతని వేళ్లను తన వేళ్లతో మూసింది.

“వీడు నా కొడుకు గాదు అయ్యగారూ,” అన్నది. “నా కొడుకు నాదర్‌గుల్ తొవ్వల వీని ఆటో కింద పడి సచ్చిండు. గప్పుడు గూడ వీడు తాగే ఉన్నడు.”