తుప్పు నీళ్లు

అల్లుడు కారు కింద దూరి రేడియేటర్ అడుగున మర తిప్పాడు. బకెట్లోకి ఎర్రటి తుప్పు నీళ్లు దిగాయి.

"చూశారా మామయ్యా? కూలెంట్ పోయమంటే మీ అమ్మాయి కుళాయి నీళ్లు పోసింది. నడిరోడ్డు మీద ఇంజను పొగలు కక్కదూ మరి?"

కారు అలా ఆగిపోయిన రోజే ఆమె దగ్గర కారు తాళం లాక్కున్నాడు. నెల రోజులుగా అమ్మాయి బస్సులో వేలాడుతూ పనికి పోతోంది. ఇప్పుడు కూలెంట్ డబ్బా తెచ్చి నా పక్కన పెట్టింది.

"పోసింది నేను బాబూ," అన్నాను.

అల్లుడు తల బయటికి పెట్టాడు. అమ్మాయి ఆశ్చర్యపోలేదు.

"తెలుసు నాన్నా. ఆ రోజు రోడ్డు మీద రేడియేటర్ మూత తియ్యలేక చచ్చాను. అంత గట్టిగా బిగించేది నువ్వే."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమ్మా?"

"నువ్వు చెప్తావని."