పుట్టినరోజు బట్టలు బంద్

"చుట్టాల పిల్లలకు పుట్టినరోజు బట్టలు పెట్టుడు ఇగ బంద్" అని రాఘవేంద్ర తమ కుటుంబ వాట్సాప్ గ్రూపులో రాశాడు.

ఐదు ఇళ్ల నుంచీ బొటనవేళ్లు లేచాయి. ఎవరో ఒకరు ఆ మాట అంటే బాగుండునని అందరూ కాచుకుని ఉన్నవాళ్లే.

గ్రూపులో లేనిది అంజమ్మ ఒక్కతే. ఆమెది బటన్ ఫోను.

అంజమ్మ వీపనగండ్లలో కూలికి పోయే ముసలామె. రాఘవేంద్ర తల్లి వైపు దూరపు చుట్టమని వనపర్తిలోని అతని ఇంట్లో అందరి నమ్మకం. ఏ వరసో చెప్పగలిగిన ఆ తల్లి పోయి ఆరేళ్లయింది.

ఏటా రాఘవేంద్ర కూతురు సౌజన్య పుట్టినరోజుకు అంజమ్మ మొదటి బస్సులో దిగేది. పిల్లకు కొత్త జత తొడిగించి, కళ్లారా చూసుకుని పోయేది. ఎదురు ఏం పెట్టినా తీసుకునేది కాదు. సౌజన్య తల్లి స్వరూపకు అదే నచ్చేది కాదు. పెట్టిన మనిషికి రవికె గుడ్డయినా పెట్టకపోతే పదిమందిలో మాట పడేది తనే కదా.

పదిహేడో పుట్టినరోజుకూ వచ్చింది. రాణిరంగు డ్రెస్. సౌజన్య మొహం చిట్లించుకుని వేసుకుంది, అయిదు నిమిషాల్లో విప్పేసి కాలేజీకి పోయింది.

"అత్తా, వచ్చే ఏడు సంది బట్టలు తేకు," అంది స్వరూప. "అందరం బంద్ జేసుకున్నం."

"మీరు బంద్ జేసుకోన్రి బిడ్డా. నేను ఇంకొక్క ఏడు పెట్టాలె. పద్దెనిమిది నిండాలె."

"ఎందుకు?"

"గట్ల అనుకున్న."

"నీయొక్కదానివి తీస్కుంటే మిగిలినోళ్లకు ఏం జెప్పాలె? నువ్వు ఎదురు గూడ తీస్కోవు."

"పిల్లకు పెట్టుకున్నదానికి ఎదురేంది?"

"అందుకే వద్దంటున్న. రా, తిని పో. బట్టలు మాత్రం తేకు."

అంజమ్మ లేచి చెప్పులు వేసుకుంది.

"పిల్ల పైలం," అంది.

స్వరూపకు ఒక పని అయిపోయినట్టనిపించింది. గట్టిగా ఏమీ అనలేదు, నిజమే.

వానాకాలంలో అంజమ్మ పోయిందని కబురొచ్చింది. తన విత్తనాల దుకాణంలో గిరాకీ రోజులు, రాఘవేంద్ర పోలేకపోయాడు.

పద్దెనిమిదో పుట్టినరోజుకు అయిజ నుంచి రాఘవేంద్ర మేనత్త కాంతమ్మ వచ్చింది. సౌజన్య చున్నీ పట్టుకుని చూసింది.

"అంజమ్మ పెట్టిందేనా?"

"కాదత్తమ్మా, నేనే కొన్న," అంది స్వరూప. "అంజమ్మత్త పోయింది గద. అయినా పోయినేడే వద్దని చెప్పిన."

కాంతమ్మ కేకు ప్లేటు పక్కన పెట్టింది.

"వద్దన్నవా?"

"దూరపు చుట్టం. ఎన్నేండ్లని తీస్కుంటం?"

"చుట్టమెక్కడిది? మీ అత్తకు దవాఖానల ఎదురుపడ్డ మనిషి."

స్వరూపకు అర్థం కాలేదు. కాంతమ్మ గొంతు తగ్గించింది.

"నీకు ముందు ఇద్దరు పుట్టి పోయిండ్రు. ఇది పుట్టిననాడు నీకు తెలివి లేదు. ఇది గూడ పోతదేమోనని మీ అత్త పరేషానై, పరాయోళ్ల పిల్లయితే బతుకుతదని పిల్లను చేటల పండబెట్టి దవాఖాన మెట్ల మీద అమ్మజూపింది. పోయే పిల్లను కొంటే పీడ తమకు తగుల్తదని ఎవ్వరు ముందుకు రాలే. అంజమ్మ వచ్చింది. పిడికెడు తవుడిచ్చి కొన్నది. పద్దెనిమిది నిండేదాక పుట్టినరోజు బట్టలు కొన్నామెనే పెట్టాలె, కన్నామెకు చెప్పొద్దు అని మీ అత్త ఒట్టేయించుకున్నది."

స్వరూప సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"రేపే వీపనగండ్లకు పోత అత్తమ్మా. ఆమె పిల్లలనన్న పలకరిచ్చొస్త. ఎంతమంది?"

"ఒక్కతే బిడ్డ," అంది కాంతమ్మ. "సౌజన్య."