పదకొండు మంది ఊపిరి

నూకరత్నం పోయిన రోజే తొట్టిలో పగడాలు తెల్లబడడం మొదలైంది. సముద్రంలో అవి చచ్చిపోయాక, విశాఖలో ప్రతి ఇల్లూ ఒక ఉప్పునీటి తొట్టిలో కొన్నిటిని బతికిస్తోంది. ఎండకు భయపడి కిటికీలు గాలి చొరకుండా మూసుకున్న ఇళ్లవి.

నీళ్లలో పుల్లదనం విరగడానికి ఆమె భర్త జోగినాయుడు మూడు రోజులు తొట్టిలో సున్నపుతేట పోశాడు. అయినా పీహెచ్ పడిపోతూనే ఉంది. నాలుగో రోజు అతనికి తట్టింది. పరామర్శకు వచ్చిన పదకొండు మందీ మూడు రోజులుగా ఇంట్లోనే ఉన్నారు. వాళ్లు వదిలే ఊపిరే నీళ్లలో కలిసి ఆమ్లమవుతోంది.

"గౌరీసూ, రత్నం నాటిన పగడపు కొమ్మ సచ్చిపోతంది. మీరు ఎల్లాల," అన్నాడు బావమరిదితో.

"అక్క కోసం ఏడవడానికొచ్చినోల్లం. మా ఊపిరి నీ రాళ్లకి బరువైపోనాదేటి బావా?"

జోగినాయుడు రోకలి తెచ్చి కిటికీ అద్దం పగలగొట్టాడు. నిప్పులాంటి గాలి లోపలికి కొట్టింది. గౌరీసు అతని మెడ పట్టి గోడకేసి బాదాడు. అతని పన్ను ఊడి నేల మీద పడింది. జోగినాయుడు రోకలి వదల్లేదు. రెండో దెబ్బ గౌరీసు మణికట్టు మీద పడి, ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

సాయంత్రానికి ఇల్లు ఖాళీ అయింది. పీహెచ్ పెరిగి, పగడాలకు సరిపడే ఎనిమిదికి చేరింది. రత్నం నాటిన కొమ్మ మెల్లగా విచ్చుకుంది.

రత్నం అస్థికలు కలపడానికి ఆమె తమ్ముడు రావాలి. జోగినాయుడు గౌరీసుకు ఇంకా ఫోను చెయ్యలేదు.